నల్లా తిప్పినవాళ్ళే ఇల్లు కొంటారు

ఇరవై ఎనిమిదేళ్ళు నేను పరాయివాళ్ళ వంటిళ్ళలో నిలబడి బతికాను.

బోధన్, నిజామాబాద్, ఆ రెంటి చుట్టూ ఉన్న చిన్న ఊళ్ళలో ఇళ్ళు అమ్మించడం, కొనిపించడం నా పని. పోయిన ఏడాది నా మోకాళ్ళు ఇక మెట్లెక్కేది లేదని మొరాయించాయి. మానేశాను. మానేసినప్పటి నుంచి ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేస్తున్నారు. "ఆంటీ, ఇన్నేండ్లు ఎట్ల జేసిన్రు?" అని. ఫోన్లో చెప్పబోతే టీ చల్లారిపోతోంది, చెప్పవలసింది సగంలో ఆగిపోతోంది. అందుకే రాయడానికి కూర్చున్నాను.

రిజిస్ట్రేషన్ ఎలా చేయించాలి, ఏ కాగితం వెనక ఏ కాగితం చూడాలి అన్నవి ఇందులో ఉండవు. అవి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరూ చెప్పనివి కొన్ని రాస్తాను. వాటిలో రెండు నేను చేసిన తప్పులే.

టేపు మెడలో వేసుకున్న బ్రోకర్

నా పేరు రూతమ్మ. ఊళ్ళో అందరికీ రూతక్కను. మాది బోధన్‌లో మెథడిస్టు కుటుంబం. నాన్న చెరకు కోతలకు వెళ్ళేవాడు. నేను పదో తరగతి అయ్యాక కుట్టు నేర్చుకుని, పెళ్ళయ్యాక కూడా అదే పని చేసుకునేదాన్ని. కొలతలు తీసుకోవడానికి ఇంటింటికీ తిరగాలి. జాకెట్టు కొలత ఇచ్చేటప్పుడు ఆడవాళ్ళు చేతులు చాపి కదలకుండా నిలబడతారు కదా, ఆ సేపట్లో ఆడేది నోరు ఒక్కటే. ఏ ఇంట్లో అన్నదమ్ములు వేరుపడుతున్నారో, ఎవరికి ఆర్మూర్ బదిలీ అయ్యిందో, ఎవరి అత్తగారికి పై అంతస్తు ఎక్కడం చేతకావడం లేదో అన్నీ నా చెవిన పడేవి.

పాత బస్టాండు దగ్గర టీ హోటల్ పక్కన ఖాదర్ భాయ్ అనే పెద్దాయన ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. ఇళ్ళ బేరాలు ఆయన వృత్తి. ఒకరోజు వాళ్ళింటికి కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళితే, ఆయన ఎవరితోనో ఫోన్లో ఒక గులాబీ రంగు మేడ గురించి మాట్లాడుతున్నారు. ఆ మేడ అమ్మకానికి వస్తుందని రెండు నెలలుగా దాని చుట్టూ తిరుగుతున్నారట. ఫోన్ పెట్టేశాక నేను ఊరుకోలేకపోయాను.

"గది అమ్మరు భాయ్ సాబ్. దాని పక్కిల్లు అమ్ముతరు. ఆళ్ళ బిడ్డకు నిజామాబాద్‌ల కాలేజీ సీటు వచ్చింది. ఇంటిల్లిపాది పోతున్నరు."

ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు. "బేటీ, ఆ టేపు పక్కకు వెట్టు. నీకున్న ఖబర్ నాకు లేదు. నా తోటి పనిజెయ్" అన్నారు.

నేను నవ్వాను. మా ఆయన ఆనందరావు మాత్రం నవ్వలేదు. ఆయన ఆటో నడిపేవాడు. "మొగోళ్ళు జేసే పని. నలుగురు ఏమంటరు?" అన్నాడు. వారం రోజులు ఆలోచించి, "సరే, నీ గిరాకీలను నా ఆటోలనే తీస్కపో" అన్నాడు. అలా ఒకేసారి ఇద్దరికీ పని దొరికింది. మొదటి ఏడాది టేపు మెడలోంచి తీయనే లేదు. ఇల్లు చూపించడానికి వెళ్ళి జాకెట్టు ఆర్డరుతో బయటికి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

ఖాదర్ భాయ్ నేర్పిన మొదటి పాఠం: "రేటు ముందలి అర్రల మాట్లాడుతరు. ఇల్లు కొనుడు మాత్రం వంటింట్లనే." మగవాడు కాబట్టి ఆయనకు వంటింటి గడప దాటే వీలు లేదు. నాకు ఉంది. మొగుడు ముందుగదిలో మీసం దువ్వుతూ ధర గురించి వాదిస్తుంటే, భార్య గ్యాస్ బండ ఎక్కడ పెట్టాలి, వెలుతురు ఎటు నుంచి వస్తుంది అని చూసుకుంటూ ఉండేది. ఆమె మొహం చూస్తే చాలు, బేరం కుదిరిందో లేదో తెలిసిపోయేది.

ఆయన గురించి మంచి ఒక్కటే చెప్తే అబద్ధమవుతుంది. కోపిష్టి. ఇల్లు కొనవచ్చిన గిరాకీ ఆలస్యంగా వస్తే, తాను టీ తాగుతూ అతనితో మాట్లాడకుండా గంటసేపు కూర్చోబెట్టేవారు. ఏదీ రాసి పెట్టుకునేవారు కాదు. అన్నీ తలలోనే, తల మాత్రం కొన్నిసార్లు ఇంటి దగ్గర మరిచిపోయి వచ్చేవారు. కానీ ఇంటి గురించి అబద్ధం చెప్పేవారు కాదు. ఆ ఒక్క గుణం నాకు అబ్బడానికి ఒక దుప్పటి అవసరమైంది.

దుప్పటి

ఈ పనిలో నాకు అది మూడో ఏడు. వర్ని రోడ్డు వైపు ఒక రైస్ మిల్లు గోడ పక్కన మంచి ఇల్లు అమ్మకానికి వచ్చింది. రెండు గదులు, హాలు, వెనక జామచెట్టు. ధాన్యం రోజులు కావు కాబట్టి మిల్లు మూసి ఉంది. ఆ వీధి అంతా ప్రశాంతంగా, పావురాల చప్పుడు తప్ప ఇంకేమీ లేకుండా ఉంది.

చూడటానికి గంగాధర్ సార్, ఆయన భార్య పద్మ వచ్చారు. సార్ బడి పంతులు. భీమ్‌గల్ నుంచి బోధన్ దగ్గరి బడికి బదిలీ అయ్యింది. తనకు దమ్ము, అంటే ఉబ్బసం, ఉందని పద్మ ఆటోలోనే చెప్పింది. మెట్లెక్కితే ఆయాసం వస్తుందట. ఇల్లంతా చూసి, పెరట్లో నిలబడి, గోడ మీది నుంచి కనిపిస్తున్న మిల్లు గొట్టం వైపు చూసింది.

"అక్కా, మిల్లు నడిస్తే దుమ్ము వస్తదా?"

నాకు తెలుసు. ఆ పక్కింటి వాళ్ళకు నేను బట్టలు కుట్టేదాన్ని. ధాన్యం రోజుల్లో వాళ్ళు బట్టలు బయట ఆరేయరు. అన్నీ తెలిసి, "గంతేం రాదమ్మా. గోడ గంత ఎత్తున్నది గదా" అన్నాను.

ఎందుకు అన్నానని ఇప్పటికీ అడుగుతుంటాను నన్ను నేను. డబ్బు కోసం కాదు. ఖాదర్ భాయ్ సాయం లేకుండా నేను ఒక్కదాన్నే కుదిర్చిన మొదటి బేరం అది. పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆయనతో చెప్పాలని ఉబలాటం. అంతే.

గోడ నిజంగానే ఎత్తుగా ఉంది. దుమ్ముకు గోడతో పనేముంది?

వాళ్ళు ఇల్లు కొన్నారు, గృహప్రవేశం చేశారు, నాకు చీర పెట్టారు. ఆ తర్వాత ధాన్యం వచ్చింది, మిల్లు మొదలయ్యింది. మూడు వారాలకు ఒకరోజు పొద్దున పదకొండు గంటలప్పుడు, టీ హోటల్ నిండా జనం ఉన్నప్పుడు, పద్మ నడుచుకుంటూ వచ్చింది. చేతిలో మడత పెట్టిన దుప్పటి. దాన్ని తెచ్చి మా బల్ల మీద పరిచింది. ఒకప్పుడు తెల్లటిది. దాని మీద బూడిద రంగు పొర, ముడతలు ఉన్నచోట చారలు చారలుగా.

"నిన్న ఉతికి ఆరేసిన. గిది నువ్వు సూపెట్టిన ఇల్లు, రూతక్కా" అంది. "పండుకుంటే ఊపిరాడ్తలేదు. గోడకు ఒరిగి కూసునే నిద్రపోతున్న."

అరవలేదు. అరిస్తే బాగుండేది.

ఖాదర్ భాయ్ లేచి ఆమెకు తన కుర్చీ ఇచ్చారు. మంచినీళ్ళు తెప్పించారు. ఆమె తాగేదాకా ఆగి, నా వైపు తిరిగారు.

"దుమ్ము సంగతి నీకు ఎర్కేనా?"

"ఎర్కే."

"గీమె అడిగిందా?"

"అడిగింది."

"నువ్వేం జెప్పినవ్?"

నేను దుప్పటి వైపు చూశాను. ఆయన దుప్పటి మడత పెట్టి నా చేతుల్లో పెట్టారు. "గా ఇల్లు మళ్ళ అమ్మిపెట్టు. ఆళ్ళు పెట్టినంత ఆళ్ళకు తిరిగి రావాలె. అప్పటిదాంక ఇంకో ఇల్లు సూపెట్టకు."

మొదట పద్మ వాళ్ళకు ఊరి అటు చివర రెండు గదులు కిరాయికి వెతికి, ఆనందరావు ఆటోలో సామాను చేర్చాం. తర్వాత ఇల్లు అమ్మే పని. ఈసారి నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను: మిల్లు నడుస్తున్నప్పుడే చూపించాలి. వచ్చినవాళ్ళు వచ్చినట్టే దగ్గుకుంటూ వెళ్ళిపోయారు. "నువ్వు ఇల్లు అమ్ముతున్నవా, మిల్లు సూపెడ్తున్నవా?" అని మా ఆయన విసుక్కునేవాడు. ఐదు నెలలు అలాగే గడిచాయి.

చివరికి నామ్‌దేవ్ అనే మనిషి వచ్చాడు. ధర్మాబాద్ వైపు వాడు, తెలుగులో మరాఠీ కలిపి మాట్లాడతాడు. గేటు దగ్గరే నిలబెట్టి మొదలుపెట్టాను: "ముందే జెప్తున్న అన్నా. దుమ్ము వస్తది, చప్పుడు వస్తది, బట్టలు బయట ఆరెయ్య రాదు..."

అతను చెయ్యెత్తి నన్ను ఆపాడు. కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు. "తాయీ, రెండో మోటర్ బేరింగ్ పోతున్నది" అని, ఇల్లు చూడకుండానే మిల్లులోకి పరుగెత్తాడు. గంటకు తిరిగి వచ్చాడు, మోచేతుల దాకా నల్లటి గ్రీజు. అప్పుడు తెలిసింది, అతను ఆ మిల్లు మెకానిక్. ఎక్కడో దూరంగా ఉంటాడు, మోటారు ఆగినప్పుడల్లా అతన్ని పిలవడానికి మనిషిని పంపాలి.

"మీ ఇంటామెకు చప్పుడు పడ్తదా?" అని అడిగాను.

"ఆమె సుత గీ మిల్లులనే పనిజేస్తది. చప్పుడు బంద్ అయితేనే మాకు ఫికర్" అన్నాడు. వారంలో కొనేశాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

గంగాధర్ సార్ వాళ్ళు ఆ డబ్బుతో ఇంకో ఇల్లు కొనుక్కున్నారు, వేరే బ్రోకర్ దగ్గర. మంచి పని చేశారు.

కొత్తగా వచ్చిన పిల్లలూ, ఇల్లు దాని చెడ్డ గంటలో చూపించండి. బడి పక్కనుంటే ఇంటర్వెల్ అప్పుడు, రోడ్డు మీదుంటే సంతనాడు, పల్లంలో ఉంటే వానలో. అప్పటికీ కొంటామన్నవాళ్ళు మిమ్మల్ని ఎప్పుడూ వెతుక్కుంటూ రారు, పెళ్ళికి పిలవడానికి తప్ప.

మెచ్చుకునేవాళ్ళ గురించి

ఇల్లు చూసి "అబ్బ, ఎంత బాగుంది" అన్నవాళ్ళ కోసం మీరు టీ కూడా చెప్పకండి. వాళ్ళు కొనరు. కొనేవాడు గుమ్మంలో అడుగు పెట్టగానే మొహం చిట్లిస్తాడు. నేరుగా వెనక్కి వెళ్ళి నల్లా తిప్పుతాడు. నీళ్ళ ధార ఎంత లావుందో చూస్తాడు. గోడ మీద గోటితో గీకుతాడు. అతని మనసులో అప్పటికే సామాను సర్దడం మొదలైందన్నమాట. తప్పులు ఎంచేది అందుకే.

మోస్రా నుంచి ఒకాయన ఒకే ఇంటిని ఏడుసార్లు చూశాడు. ఏడుసార్లూ ఏడు వంకలు పెట్టాడు. ఎనిమిదోసారి కొన్నాడు. ఇప్పటికీ బజార్లో కనిపిస్తే, "బాత్రూం మస్తు చిన్నగున్నదక్కా" అంటాడు. ఆ ఇంట్లోనే ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు చేశాడు. నేను ఇల్లు ఇప్పించినవాళ్ళలో అంత సంతోషంగా ఉన్న మనిషి ఇంకొకరు లేరు.

వాస్తు అడిగితే, "నేను చర్చికి పోయేదాన్నన్నా, నాకు గది తెల్వది" అని తప్పించుకునేదాన్ని. ఒకసారి ఒక గిరాకీ తెచ్చుకున్న సిద్ధాంతి ఫోన్‌లో దిక్సూచి చూసి, ఇల్లంతా పక్కకు తిరిగి ఉందని తేల్చేశాడు. ఇంటాయన మొహం పాలిపోయింది. నేను సిద్ధాంతిని మెల్లగా ఇనుప బీరువా పక్క నుంచి నాలుగడుగులు ఇవతలికి జరిపాను. ఉత్తరం తన చోటికి తిరిగి వచ్చింది. బేరం కుదిరింది.

ఇన్ని తెలిసి కూడా, పని మానేయడానికి ముందు ఒక ఇంటి విషయంలో నేనే పప్పులో కాలేశాను. మెచ్చుకున్నది గిరాకీ ఒక్కరే కాదు. నేను కూడా.

శాంతాబాయి ఇల్లు

ఈ మధ్య కొన్నేళ్ళుగా శని, ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి కార్లు వస్తున్నాయి. పాత ఇళ్ళు కావాలట. పెంకులు ఉండాలి, నడిమింట్లో ఆకాశం కనిపించాలి, టేకు స్తంభాలు ఉండాలి. మా ఊళ్ళలో పుట్టినవాళ్ళు వదిలించుకోవాలని చూసేవాటినే వాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. బ్రోకరుకు ఇంతకంటే ఏం కావాలి?

బోధన్ పాత బస్తీలో అక్కాచెల్లెళ్ళు ఇద్దరు ఉండేవారు, శాంతాబాయి, సుమన్‌బాయి. ఇంట్లో మరాఠీ, బజార్లో తెలుగు. శాంతాబాయి భర్త పోయాడు, సుమన్‌బాయి పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరికీ యాభై దాటాయి. సకినాలు, చక్లీలు చేసి నిజామాబాద్ నుంచి నవీపేట్ దాకా దుకాణాలకు వేస్తారు. వాళ్ళ చేతి సకినం నోట్లో వేసుకుంటే కరకరమని వీధి చివరికి వినిపిస్తుంది. తల్లిదండ్రుల ఇల్లు అమ్మి, కొత్త బస్టాండు దగ్గర ముందు షట్టరు, వెనక రెండు గదులు ఉన్న ఇల్లు కొని, సొంతంగా దుకాణం పెట్టాలని వాళ్ళ ఆలోచన. ఆ ఇంటి యజమాని దసరా దాకా ఆగుతానని మాటిచ్చాడు.

వాళ్ళ ఇల్లు చూసిన మొదటి రోజే నేను పడిపోయాను. ఎనిమిది టేకు స్తంభాలు, ఒక్కొక్కటి నా రెండు చేతులకు అందనంత లావు. తలుపు మీద చెక్కిన చిలకలు. మధ్యలో కాస్తంత ఆకాశం. మధ్యాహ్నం ఎండ ఆ సందులోంచి దిగి రాతి పలకల మీద పలచగా పరుచుకునేది. వేల గుమ్మాలు దాటినదాన్ని, ఆ గుమ్మంలో కాసేపు నోరు తెరుచుకుని నిలబడ్డాను.

మొదట వచ్చిన గిరాకీ మహేందర్. పాత కలప కొనే వ్యాపారి. టేపు తీసి స్తంభాలు కొలిచాడు, వేలి కణుపులతో కొట్టి చప్పుడు విన్నాడు. గదులు చూడనే లేదు. బయటికి వచ్చాక, "ఇప్పి తీస్కపోత అక్కా. కట్టె మంచిది. జాగతోటి సహా తీస్కుంట" అని మంచి రేటే చెప్పాడు.

ఇల్లు విప్పి కలప పట్టుకుపోతాడంటే నాకు ఒళ్ళు మండింది. మేకను చూడమంటే మాంసం తూకం వేసినట్టుంది ఈ మనిషి వ్యవహారం అనుకున్నాను. అక్కాచెల్లెళ్ళ దగ్గరికి వెళ్ళి, "ఒకాయన వచ్చిండు గని, కుదిరేటట్టు లేదు" అన్నాను. ఎంత చెప్పాడో చెప్పలేదు. వాళ్ళు నన్ను నమ్మారు, అడగలేదు.

తర్వాత వచ్చారు అనిరుధ్, మేఘన. హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగాలు. బంగారంలాంటి పిల్లలు, ఇప్పటికీ అదే మాట అంటాను. ఇంటిని ఉన్నది ఉన్నట్టు ఉంచి, సెలవు రోజుల్లో వచ్చి ఉంటామన్నారు. వరసగా నాలుగు ఆదివారాలు వచ్చారు. ప్రతి ఆదివారం శాంతాబాయి పొయ్యి ఆర్పి, ముంగిలి ఊడ్చి, టీ పెట్టేది. వాళ్ళు ఫొటోలు తీసుకునేవారు. ఒకరోజు వాన. పెంకుల సందుల్లోంచి నీళ్ళు కారుతుంటే సుమన్‌బాయి ఇత్తడి గిన్నెలు పెట్టింది. టప్ టప్ మని చుక్కలు పడుతున్నాయి.

"ఎంత బాగుంది ఆంటీ! జలతరంగంలా ఉంది," అని మేఘన వీడియో తీసింది.

సుమన్‌బాయి నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. నాలుగు ఆదివారాల్లో ఆ పిల్లలు ఒక్కసారి కూడా నల్లా తిప్పలేదు. నేను అది గమనించాను, గమనించనట్టే ఉన్నాను.

ఐదో ఆదివారం వాళ్ళు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. పది రోజులకు మెసేజ్ వచ్చింది: ఆఫీసుకు దగ్గరగా ఫ్లాట్ దొరికిందట, ఈ ఇల్లు మాత్రం జీవితాంతం గుర్తుంటుందట.

అదే వారం షట్టరు ఇంటి యజమాని ఇంకెవరికో ఇల్లు చూపిస్తున్నాడని తెలిసింది. దసరాకు ఇంకా పద్దెనిమిది రోజులు. నేను ఏం చేయాలో ఆలోచిస్తుండగానే, అక్కాచెల్లెళ్ళిద్దరూ మా ఇంటికి వచ్చారు. సుమన్‌బాయి చెప్పులు కూడా విప్పలేదు.

"రూతక్కా, కట్టెల మహేందర్ మా పక్క గల్లీల దర్వాజ కొననీకి వచ్చిండు. రెండు నెలల కిందనే మీ ఇంటికి రేటు జెప్పిన గదా, ఏమంటున్నరు అని అడిగిండు. మాకెందుకు జెప్పలే?"

"ఇప్పి తీస్కపోతడు సుమన్..."

"ఇప్పితే?"

"గంత మంచి ఇల్లు..."

"ఎవలికి మంచిది? వానొస్తే తొమ్మిది గిన్నెలు వెడ్తం. పట్టపగలు లైటేసుకుని పిండి కలుపుతం. చిన్నప్పటి సంది గా చీకట్లనే ఉన్నం. నువ్వు ఆదివారం ఆదివారం వచ్చి గంటసేపు సూసి పోతవ్. నీకు మంచిగనే ఉంటది."

శాంతాబాయి చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది. ఆమె మాట ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. "మా ఇంటి మీద నీకు ప్రేమ ఉన్నది, మంచిదే అక్కా. గని ఇల్లు మాది గదా."

ఇరవై ఎనిమిదేళ్ళ పనిలో నన్ను అంతగా కోసిన మాట ఇంకొకటి లేదు. మిల్లు పక్క ఇంటి విషయంలో నోటితో అబద్ధం చెప్పాను. ఇక్కడ నోరు మూసుకుని అదే పని చేశాను. పైగా నాకు నేను మంచిదాన్ని అనిపించుకుంటూ చేశాను. అది ఇంకా పెద్ద తప్పు.

"తప్పయింది" అన్నాను. ఇంకేం చెప్పినా సాకు అవుతుంది.

సుమన్‌బాయి మంచం అంచు మీద కూర్చుంది. "తప్పు సంగతి తర్వాత. ఇగ ఇప్పుడేం జేద్దాం జెప్పు" అంది. అప్పుడు చెప్పులు విప్పింది.

ఆ రోజే మహేందర్‌కు ఫోన్ చేశాను. ఈసారి బ్రోకరులా మాట్లాడాను. అతనికి కావలసింది కలప. జాగ అతని నెత్తిన పడితే మళ్ళీ దాన్ని ఎవరికో అమ్ముకోవాలి. "ఉత్త కట్టె తీస్కో, జాగ ఆళ్ళకే ఇడిచిపెట్టు. నీకు తిరుగుడు తప్పుతది" అన్నాను. అతను ఒక పూట ఆలోచించి సరేనన్నాడు. కలపకు వచ్చిన డబ్బు, వాళ్ళ దగ్గరున్న కొంత కలిపితే షట్టరు ఇంటికి సరిపోయింది. దసరాకు నాలుగు రోజుల ముందు కాగితం రాసుకున్నారు. మిగిలిన జాగ కొనడానికి కూడా ఒక ఇంజినీరును చూసి పెట్టాను. పాత ఇల్లు తీసేశాక ఖాళీ జాగ చూసి మాట్లాడుకుందామన్నాడు.

పెంకులు దిగిన రోజులు

ఇల్లు విప్పడానికి మూడు రోజులు పట్టింది. వెళ్ళకూడదనుకున్నాను. అక్కాచెల్లెళ్ళు ఏడుస్తారు, నేను చూడలేను అని. శాంతాబాయే ఫోన్ చేసి, "నువ్వు రావాలె అక్కా" అంది. మూడో రోజు పొద్దున్నే టిఫిన్ డబ్బాలో పప్పు, అన్నం పెట్టుకుని వెళ్ళాను.

పెంకులు అప్పటికే దిగిపోయాయి. దూలాలు వరసగా వీధిలో పేర్చి ఉన్నాయి. ప్రతి ముక్క మీద మహేందర్ సుద్దతో అంకె వేశాడు. చిలకల తలుపును పాత బొంతల్లో చుట్టించాడు. కూలీలు ఆఖరి స్తంభాన్ని తాళ్ళతో దించుతుంటే, "మెల్లగ, మెల్లగ, జర పైలం" అని పసిపిల్లను దించుతున్నట్టు వెంట వెంట నడిచాడు. అది నేల మీదికి వచ్చాక దాని అడుగు భాగం నాకు చూపించాడు. చెదలు. లోపల అరచెయ్యి పట్టేంత డొల్ల.

"ఇసొంటి టేకు ఇప్పుడు దొరకదక్కా. ఇంకో రెండేండ్లు గిట్లనే ఉంటే మిగలదు. కింద గింత కోసేస్తే ఇంకో వందేండ్లు ఉంటది," అన్నాడు, దాని మీది మట్టి తుడుస్తూ.

ఆ మనిషిని నేను కసాయివాడు అనుకున్నాను. ఆ ఇంటిని నాకంటే జాగ్రత్తగా చూసినవాడు అతనొక్కడే. ఇది రాస్తున్నప్పుడు కూడా సిగ్గుగానే ఉంది.

మధ్యాహ్నానికి లారీ వెళ్ళిపోయింది. గోడలు నడుమెత్తు దాకా మిగిలాయి. మేము ముగ్గురం స్తంభాల కింది రాళ్ళ మీద కూర్చుని అన్నం తిన్నాం. శాంతాబాయి కళ్ళు కొంచెం తడిగా ఉన్నాయి. "దుమ్ము" అంది. కావచ్చు.

సుమన్‌బాయి తినడం సగంలో ఆపి లేచింది. ఖాళీ జాగ మధ్యకు వెళ్ళి నిలబడింది. ఎండ నేరుగా ఆమె నెత్తిన పడుతోంది. ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నాలుగు వైపులా తిరిగి చూసింది. తర్వాత ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడుగులు వేసుకుంటూ నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది.

"అక్కా!" అని కేకేసింది. "మనకు గింత జాగ ఉండెనా?"

"అగో బాయీ!" అని శాంతాబాయి నోటి మీద చెయ్యి వేసుకుంది. తర్వాత ఆమె కూడా లేచి వెళ్ళింది. ఇద్దరూ నన్ను మరిచిపోయారు. మరాఠీలో గబగబా మాట్లాడుకుంటూ, చేతులతో గాలిలో గీతలు గీస్తూ తిరిగారు. నాకు సగం సగం అర్థమైంది. ఇటు నాలుగు పొయ్యిలు. అటు పిండి జల్లించడానికి. సకినాలు ఆరబెట్టడానికి ఎండ ఎంతైనా ఉంది. పైన రేకులు చాలు. షట్టరు ఇంట్లో వెనక గదులు ఎంత చిన్నవంటే ఇద్దరు నిలబడి పిండి పిసికితే మోచేతులు తగులుకుంటాయి. అమ్మడం అక్కడ, చేయడం ఇక్కడ. ఇంకో నలుగురు ఆడవాళ్ళను పనికి పెట్టుకోవచ్చు.

కాసేపటికి సుమన్‌బాయి నా ముందుకు వచ్చి నిలబడింది. మొహమంతా చెమట, నవ్వు.

"రూతక్కా, గీ జాగ అమ్మొద్దు."

"అమ్మకు" అన్నాను.

నా కమీషన్ ఆ మాటతో ఎండలో ఆవిరైపోయింది. ఇంజినీరు సాయంత్రం జాగ చూడటానికి వస్తానని చెప్పి ఉన్నాడు. ఆ రాయి మీద కూర్చునే ఆయనకు ఫోన్ చేశాను.

"సార్, మీరు రాకున్రి. ఆ జాగ అమ్మకానికి లేదు."

"అదేందమ్మా, నిన్ననే గదా అమ్ముతరన్నవ్. రేటు పెంచాల్నా?"

"రేటు కాదు సార్," అన్నాను. "ఓనర్లు ఇయ్యాల్నే మొదటిసారి సూసిన్రు."